పుంత, డొంక, రహదారి: ఆంధ్రదేశమున గ్రామమార్గముల చరిత్ర

దేశచరిత్రకారులు రాజమార్గములను గుఱించి విశేషముగా వ్రాసియున్నారు. సైన్యములు నడచిన త్రోవలు, రేవుపట్టణములనుండి రాజధానులకు సరకులు పోయిన బాటలు, యాత్రికులు పుణ్యక్షేత్రములకు సాగిన దారులు గ్రంథముల కెక్కినవి. ఊరినుండి పొలమునకును, పొలమునుండి చెఱువునకును, ఒక పల్లెనుండి ప్రక్కపల్లెలోని బడికిని సంతకును పోవు చిన్నదారుల చరిత్రమును వ్రాయుట మాత్ర మరుదు. అయినను ఈ దేశమున జనసామాన్యము తమ జీవితకాలమున నడచిన నడకలో హెచ్చుభాగ మా చిన్నదారులమీదనే నడచిరి. పెద్దబాటను ప్రభువు వేయించెను. చిన్నబాటను నడచువారి పాదములే వేసినవి. పెద్దబాటకు కర్త గలడు, వ్యయపు లెక్క గలదు, దానిని గాపాడు నుద్యోగి గలడు. చిన్నబాటకు ఈ మూడును లేవు. కావుననే నేడు దానిని దున్నివేసినను, మూసివేసినను అడుగువా రరుదుగా నున్నారు. ఈ మార్గములు మన దేశమున నే పేర్లతో వ్యవహరింపబడెనో, ఏ కాలమున వాని కెట్టి యాదరము గలిగెనో, ఎప్పటినుండి యుపేక్షింపబడెనో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట పదములను పరిశీలింతము. మార్గమును దెలుపు తెలుగు మాటలు పెక్కులు గలవు. తెరువు, త్రోవ, బాట, దారి యనునవి సర్వసామాన్యములు. తెరువునుండి తెరువరి యను మాట పుట్టినది. అది ప్రయాణికుని పేరు. ఆ తెరువునుండియే తెరువాటు అను మాటయు బుట్టినది. అది దారిదోపిడి పేరు. తెరువరియు తెరువాటుకాడును నొకే మాటకు బిడ్డలగుట పూర్వకాలపు ప్రయాణ మెట్టిదో తెలుపుచున్నది. బాటనుండి బాటసారి వచ్చినాడు. ఇక నూరి పొలిమేరలోపలి దారులకు సీమసీమకు వేఱు పేర్లున్నవి. గోదావరి మండలములలో పొలముల నడుమ బండి పట్టునంత వెడల్పుగల మట్టిదారిని పుంత యందురు. పుంతలో ముసలమ్మ యను గ్రామదేవత ఆ ప్రాంతపు పల్లెలలో నేటికిని పూజ లందుకొనుచున్నది. దారికే యొక దేవతను గావలి పెట్టిన జనుల భావ మిందు స్పష్టము. కృష్ణా గుంటూరు సీమలలో నట్టి దారినే డొంక యందురు. డొంక యనగా పొద యను నర్థమును గలదు. ఇరువైపుల కంపయు తుప్పలును బెరిగి, నడుమ బండ్లు నడచి నడచి పల్లమైన దారికి ఆ పేరు వచ్చుట సహజముగా దోచుచున్నది. తెలంగాణమున గ్రామపటములలో గుఱుతింపబడిన దారిని నక్షాబాట యందురు. నక్ష యనగా పటము. కాలువలు ద్రవ్విన డెల్టాలలో గట్టు అను మాటయే దారి యను నర్థమున జెల్లుచున్నది.

వీనితో బోల్చినప్పుడు రహదారి యను మాట చరిత్ర వింతయైనది. ఇది పారసీకము. రాహ్ అనగా దారి. రాహ్‌దారీ యనగా దారి కావలి, దానిపై నా కావలి నిమిత్తమై సరకులవారియొద్ద వసూలు చేయు సుంకము. తెలుగున రాదారి యనగా ప్రయాణమున కిచ్చు అనుమతిపత్రము. చెన్నపురి రాజధానిలో దేశములోపలి రవాణాసుంకములు 1844వ సంవత్సరపు 6వ చట్టముచే రద్దు చేయబడెను. సుంకము పోయినది, మాట మిగిలినది; మిగిలి, దారికే పేరైనది. ప్రజలు వేసికొన్న దారికి పుంతయని, డొంకయని తమ మాటలుండగా, ప్రభుత్వము వేయు దారికి సుంకముయొక్క పేరు నిలిచినది. ఈ రెండు తెగల మార్గములకును గల భేదమును మాటలే చెప్పుచున్నవి.

ప్రాచీనకాలమున నీ భేద మింత యుండినట్లు కనబడదు. ఆంధ్రభూమిపై మార్గములను గుఱించి వ్రాయబడిన మిక్కిలి పురాతనమైన లేఖనములలో నొకటి కర్నూలు మండలమున గుత్తికి సమీపమందలి ఎఱ్ఱగుడి బండలపై నున్నది. అవి యశోకుని శాసనములు, క్రీస్తుపూర్వము మూడవశతాబ్దమునాటివి, ప్రాకృతభాషలో బ్రాహ్మీలిపిలో నున్నవి. అందు రెండవ శిలాశాసనమున మనుష్యులకును పశువులకును చికిత్స లేర్పఱచుటయు, దారులవెంట బావులు త్రవ్వించుటయు, చెట్లు నాటించుటయు చెప్పబడినవి. ఈ బావులును చెట్లును పశువుల యుపయోగమునకును మనుష్యుల యుపయోగమునకును అని స్పష్టముగా నున్నది. గుఱ్ఱపుదళమునకనిగాని, రథములకనిగాని లేదు. దారి యనగా నడచువారిదని యా శాసనకర్త తలంచెను.

కౌటిల్యుని యర్థశాస్త్ర మింకను సూక్ష్మముగా జెప్పుచున్నది. దుర్గనివేశమును గుఱించిన ప్రకరణమున నానావిధములగు మార్గముల వెడల్పులు నిర్ణయింపబడినవి. రథము పోవు దారి యైదరత్నులు. పెద్దపశువుల దారి నాలుగరత్నులు. చిన్నపశువులును మనుష్యులును బోవు దారి రెండరత్నులు. అరత్ని యనగా మూరెడు. అనగా నడచువాని దారికి రెండుమూరల వెడల్పు. అంతటితో నాగక, మఱియొకచోట దారి నడ్డగించినవారికి దండనములు విధింపబడినవి. చిన్నపశువులు, మనుష్యులు బోవు దారి నడ్డగించినవానికి 12 పణములు. పెద్దపశువుల దారి కిరువదినాలుగు. ఏనుగుల దారికిని పొలముదారికిని ఏబదినాలుగు. ఈ నియమము లెంతవఱ కమలు జరిగెనో వేఱుసంగతి. మనము గమనింపదగిన దేమనగా, రెండుమూరల కాలిబాటయు నొక మార్గముగా బేర్కొనబడినది. దానికి కొలత గలదు. దాని నడ్డగించుట నేరము. పొలముదారి నడ్డగించుటకు కాలిబాట కన్నను నాలుగురెట్లు మించిన దండన ముండుటయు గమనార్హము. పంట యింటికి రావలెనన్న నా దారియే శరణ్యము గదా.

మధ్యయుగమున ఆంధ్రరాజులును, వర్తకశ్రేణులును, గృహస్థులును దారులను బాగుచేయుటకంటె దారి నడచువారి నాదరించుటయందే యెక్కువ శ్రద్ధ చూపిరి. మన శాసనములలో సత్రములకును చలిపందిళ్ళకును నీయబడిన భూదానములు తఱచుగా గన్పట్టును. కాకతి రుద్రమదేవినాటి 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనమున విశ్వేశ్వరశంభువు గోళకీమఠమున నేర్పఱచిన యన్నసత్రము బ్రాహ్మణులు మొదలుకొని చండాలురవఱకు వచ్చినవారి కెల్లరకును నెల్లవేళల తెఱచియుండవలెనని విధించినాడు. ఓరుగంటి వీధులను వర్ణించు క్రీడాభిరామమున పూటకూటియిల్లు కనబడును. సొమ్మిచ్చి భోజనము గొనునట్టి వ్యవస్థ యప్పటికే పట్టణములలో గలదు. శ్రీకృష్ణదేవరాయల యాముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు జడివానలయందును దారినబోవు వైష్ణవుల కన్నము పెట్టుట ప్రధానమైన ఘట్టము. చలివేంద్రము, సత్రము, పూటకూటియిల్లు, మండపము, బాటప్రక్కని బావి: వీనియన్నిటికిని గారణ మొక్కటే. ప్రయాణ మనగా నడక. నడచువాడు పూటకింత దూరమునకు మించి పోజాలడు. పోయినచోట నీరు, నీడ, కూడు కావలెను. ఆమడ, కోసు అను కొలతలును మనుష్యుని నడకనుబట్టి వ్యవహరింపబడినవే.

సరకుల రవాణాయు దేశములో హెచ్చుగా పెరికెద్దులమీదనే సాగుచుండెను. పెరిక యనగా ఎద్దువీపున నిరువైపుల వ్రేలాడునట్లు వేయు గోనెసంచి. ఆ వృత్తివారికి పెరికవారను పేరు నిలిచినది. లంబాడీలు సముద్రతీరపు టుప్పును లోనాటికిని, లోనాటి ధాన్యమును ఇతరప్రదేశములకును ఎద్దులమందలపై జేర్చుచుండిరి. బండ్లు లేకపోలేదు, బండ్లు పోదగిన బాటలు కొఱత. పదునేడవశతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచివర్తకుడు తవర్నియే గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమ చక్రముల బండ్ల వాడుక లేదనియు, కొండలు, చెఱువులు, ఏళ్ళు అడ్డుపడుటచే నొక చిన్నబండిని దీసికొనిపోవుటయే కష్టమనియు వ్రాసినాడు. వజ్రముల గనులును కలంకారి వస్త్రములును నుండిన రాజ్యముయొక్క ప్రధానమార్గమే యట్లుండెను. ఎద్దు నడచిన దారి మనుష్యుడును నడువవచ్చును. కావున నాటి పెద్దబాటకును పల్లెదారికిని స్వరూపమున నంత భేద ముండలేదు.

ఈ స్థితిని కన్నులకు గట్టినట్లు చూపు తెలుగు గ్రంథము ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. చెన్నపురి సుప్రీముకోర్టున దుబాసీగా నుండిన వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని బయలుదేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపురము మార్గమున కాశికి బోయి, కలకత్తా, పూరీ, శ్రీకాకుళము, రాజమహేంద్రవరముల మీదుగా 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీకి చెన్నపట్టణము చేరెను. ఆయన తాను పల్లకిలో బోయినను, కూడ బరివారము నడచియే వచ్చిరి. కావుననే యాయన ప్రతిమజిలీయందును బాట గుణమును వ్రాసినాడు: ఇచ్చట రేగడ, అచ్చట రాతిభూమి, ఈ యేఱు దాట వీలగునది, ఆ యూర నంగళ్ళున్నవి, ఈ యూర నీరు మంచిది. మార్గచరిత్రకు ఇంతకంటె విశ్వాసార్హమైన సాధనము మనభాషలో లేదనవచ్చును. దాని నాయన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు 1838లో ముద్రింపించిరి. శ్రీ దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో పరిష్కరించి మరల ప్రకటించిరి. మార్గము మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు వీరాస్వామయ్య యిచ్చు సమాధాన మంతయు నడచువాని దృష్టితో నిచ్చినదే: బురద యెంత, నీడ యెక్కడ, నీరు దొరకునా, రాత్రికి దిగుట కాధారముండునా. నేటి యింజనీర్ల నివేదికలలో నీ నాలుగుప్రశ్నలలో రెండైనను గనబడుట యరుదు.

వీరాస్వామయ్య తిరిగివచ్చిన రెండేండ్లలోపలనే బాటలేమి యొక మహాపద తెచ్చిపెట్టినది. నందననామ సంవత్సరపు టనావృష్టిచే 1833లో గుంటూరుసీమ నాశనమైనది. జనులు దానిని డొక్కలకఱవని పిలిచిరి. సుమా రైదులక్షల ప్రజలుగల యా మండలమున మూడింట నొకపాలు మరణించిరని చెప్పుదురు. ఇతరప్రదేశములలో ధాన్య ముండినను తెచ్చుటకు వీలు లేకుండెను. ఎద్దులకు మేత లేదు, త్రాగ నీరు లేదు. మోయు పశువే ముందు చచ్చినది. ఈ యనుభవము, గోదావరిమండలపు దుస్థితి, ఆర్థరు కాటను దొరవారి పట్టుదల కలసి 1847లో ధవళేశ్వరపు టానకట్టకు బునాది వేయించినవి. 1852లో నది పూర్తియైనది. బెజవాడవద్ద కృష్ణానకట్ట 1855లో ముగిసెను. కాటను దృష్టిలో కాలువ యనగా సాగునీటికి మాత్రమే గాదు. చవుకగా సరకులు సాగించు మార్గమును నదియే. కావున కాలువలకు లాకులు కట్టి పడవలు నడచునట్లు చేసిరి. కాకినాడనుండి రాజమహేంద్రవరమునకును, ఏలూరుకాలువమీదుగా బెజవాడకును, కొమ్మమూరు కాలువమీదుగా పెదగంజామునకును, అచ్చటినుండి బకింగుహాము కాలువలో చెన్నపట్టణమునకును పడవమార్గ మేర్పడెను. 1876-78 నాటి ఘోరక్షామమున బనులు కల్పించుటకై యీ కడపటి కాలువ త్రవ్వకము సాగింపబడి, అప్పటి గవర్నరు పేరు దానికి బెట్టబడెను.

ఈ కాలువలవలన గ్రామములకు గలిగిన యొక లాభమును చరిత్రకారులు తఱచుగా విస్మరింతురు. గాలి యనుకూలింపనప్పుడు పడవను గట్టుమీదనుండి త్రాటితో లాగవలెను. అందుచే గట్టు నడువదగినదిగా నుంచుట కాలువలవారికి బనియైనది. డెల్టాలోని నల్లమట్టి వానకాలమున మోకాలిలోతు బురద. గట్టు మాత్రము మెఱక. అట్లు సరకుపడవలకై వేసిన గట్టు పల్లెవారికి వానకాలపు దారియైనది. దానిపై చెట్లు పెరిగి నీడయు గలిగినది. పడవను లాగువారికని వేసిన బాటవలన బడికి బోవు పిల్లవాడు బాగుపడెను. గ్రామమార్గముల చరిత్రలో నిట్టి యనుద్దిష్టమైన మేలు లున్నవి. వానివెంటనే యనుద్దిష్టమైన కీడులును వచ్చినవి.

రోడ్ల నిర్మాణము చెన్నపురి రాజధానిలో పందొమ్మిదవశతాబ్దపు నడిమికాలమున బలపడెను. దానికై 1866లో మండలములలో రోడ్డుపన్ను విధించు చట్టము వచ్చెను. 1871లో స్థానికనిధుల చట్టము, 1884లో స్థానికసంఘముల చట్టము చేయబడెను. భూమిశిస్తుతో బాటు రైతులెల్లరు సెస్సు చెల్లించిరి. ఆ సొమ్ముతో జిల్లాబోర్డులు కంకరరోడ్లు వేసెను, వంతెనలు కట్టెను, చింత, మఱ్ఱి, వేప మొదలగు చెట్లను వరుసగా నాటెను. వీనివలన దేశమునకు గలిగిన మేలు సామాన్యముగాదు. బండ్లు ప్రబలెను. రెండెడ్లబండి, గూడుబండి, ఒంటెద్దుబండి యూరూర గనబడసాగెను. వడ్రంగికిని కమ్మరికిని బని హెచ్చెను. ఇరుసున కందెన వేసికొని రాత్రివేళ వరుసగా సాగు బండ్లు సంతలకు ధాన్యమును, పొగాకును, ప్రత్తిని జేర్చినవి. అయినను రోడ్డు పోవలసిన దిక్కును నిర్ణయించినది సంతయు, తాలూకాకచేరియు, రైలుస్టేషనును. సెస్సు చెల్లించిన రైతు తన పొలమునకు బోవు పుంతపై నా సొమ్ము ఖర్చగుట మిక్కిలి యరుదు. పుంత రోడ్డుల పట్టీలో జేరలేదు. చేరనిదానికి మరమ్మతు లేదు.

అట్లని ప్రభుత్వము పుంతను బొత్తిగా నెఱుగదని కాదు. సర్వేవారు గ్రామపటములలో దానిని గీచినారు. లెక్కలలో పుంతపోరంబోకు, డొంకపోరంబోకు అని వ్రాసినారు. పోరంబోకు అనునది అరవమునుండి వచ్చినమాట. శిస్తు లెక్కకు వెలుపలిది యని తాత్పర్యము. దారిగా నుండుటకంటె శిస్తు రాకుండుటయే దానికి గుఱుతైనది. 1905వ సంవత్సరపు చెన్నపురి భూమ్యాక్రమణచట్టము సార్వజనికములగు రోడ్లు, వీధులు, సందులు, కాలిబాటలు అన్నియు ప్రభుత్వపు సొత్తని చాటినది. అర్థశాస్త్రమున కాలిబాట నడచువారిది. దాని నడ్డగించుట నేరము. ఈ చట్టమున కాలిబాట సర్కారుది. దాని నాక్రమించుట సర్కారు భూమి నాక్రమించుట. రెండింటను రక్షణ గలదు. రెండవదానిలో నడచువానికి ప్రాధాన్యము తక్కువ. ఆక్రమణమునకు శిస్తును జరిమానాను విధించి యూరకుండినచో సర్కారునకు నష్టము తీఱును. దారి మాత్రము తిరిగిరాదు.

నైజాము రాజ్యమున పరిస్థితి మఱియొక విధము. నిజాము గారంటీడు రైల్వే వాడీనుండి సికిందరాబాదునకు 1874లోను, అచ్చటనుండి వరంగల్లు మీదుగా బెజవాడకు 1889లోను వచ్చెను. 1932వ సంవత్సరము జూను నెలలో నారాజ్యపు రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డురవాణాను బ్రారంభించెను. కాని పల్లెలలో నడక యనునది కొంద ఱిష్టపడి నడచునది గాదు. వెట్టిచాకిరిలో భాగముగా పేదలు దేశముఖుల, అధికారుల మూటలను, చీటీలను ఆమడలకొలది మోసికొనిపోవలసి యుండెను. దొర కచ్చురములో బోవునప్పుడు ముందు పరుగెత్తవలసినవారును గలరు. తెలుగుదేశమున పలుతావుల మాలమాదిగలు అగ్రవర్ణముల వీధులలో చెప్పులతో నడువరాదనియు, వాహనమెక్కి పోరాదనియు నిర్బంధము లుండెను. మల్కాపుర శాసనములోని సత్రము తలుపు చండాలునకును దెఱచియుండినది. ఆఱునూఱేండ్ల తరువాత నూరివీధి యాతనికి మూతపడియుండినది. మార్గచరిత్ర వ్రాయువారు రాతిని, మట్టిని మాత్రమే గాక, దానిపై నెవ్వరు నడువవచ్చునో, ఎవ్వ రెక్కిపోవచ్చునో కూడ వ్రాయవలెను.

నడకకు గౌరవము దెచ్చిన ఘట్టమును తెలంగాణముననే జరిగెను. 1951లో వినోబాభావే వార్ధాప్రాంతమునుండి హైదరాబాదు చెంతనున్న శివరామపల్లి సర్వోదయసమ్మేళనమునకు గాలినడకను వచ్చెను. అటనుండి నల్లగొండమండలపు పల్లెలలో నడచుచు ఏప్రిల్ 18వ తేదీని పోచంపల్లి చేరెను. అచ్చట వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు దానమిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. ఆ యుద్యమపు ఫలితములను గుఱించి భిన్నాభిప్రాయము లున్నవి. కాలినడకను వచ్చినవానికి గ్రామము తన బాధ చెప్పుకొన్నదన్నది నిర్వివాదము. మోటారుబండి పోజాలని పల్లెకు నడచువాడు పోగలడు.

ఇక సైకిలు సంగతి. రెండుచక్రములు సమానముగా నుండు నేటి రూపపు సైకిలు ఇంగ్లండున 1885లో వెలసెను. 1888లో డన్‌లప్పు గాలిచక్రమును గనిపెట్టెను. మనదేశమునకు మొదట ర్యాలీ, బి.ఎస్‌.ఏ., హెర్క్యులీసు బండ్లు సీమనుండి దిగుమతియగుచుండెను. 1949లో చెన్నపట్టణమునకు జేరువ అంబత్తూరున కర్మాగార మేర్పడిన తరువాత దేశీయముగా దయారగుట హెచ్చెను. మొదట పట్టణపు ఉద్యోగులయొక్క బండిగా నుండిన సైకిలు క్రమముగా పల్లెబడి పంతులుయొక్కయు, తపాలాబంట్రోతుయొక్కయు, పాలవానియొక్కయు, బట్టలు మూటగట్టి యమ్మువానియొక్కయు వాహనమైనది. గంటకింతయని యద్దెకిచ్చు సైకిలుదుకాణములు సెంటరుసెంటరున వెలసెను. స్థానికసంఘములు సైకిలుపై బన్ను విధించి లోహపు బిళ్ళ నిచ్చుచుండెను. దీపము లేనిచో జరిమానాయు వేయుచుండెను.

సైకిలుయొక్క విశేష మేమనగా దానికి కొత్తబాట యక్కఱలేదు. ఒక్క చక్రపుజాడ పట్టిన చాలును. కౌటిల్యుడు మనుష్యునికి విధించిన రెండుమూరల దారిలో సైకిలు సుఖముగా బోవును. మోటారు రోడ్డును గోరినది. సైకిలు పుంతతోనే తృప్తిపడినది. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలనుబట్టి దేశమున నూటికి 44.8 కుటుంబములకు సైకిలు గలదు. అప్పటికి మఱి యే వాహనమును నిన్నియిండ్ల లేదు. దానివలన జరుగగల మేలునకు బీహారు రాష్ట్రము నిదర్శనము. అచ్చట 2006లో తొమ్మిదవతరగతి చదువు బాలికలకు సైకిలు కొనుటకు సొమ్మిచ్చు పథకము ప్రారంభమైనది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి 2017లో ప్రకటించిన వ్యాసమున, ఆ పథకముచే ఉన్నతపాఠశాలలలో తగిన వయస్సున జేరు బాలికల సంఖ్య నూటికి 32 పాళ్ళు పెరిగెననియు, బాలబాలికల నడుమ గల భేదము నూటికి 40 పాళ్ళు తగ్గెననియు, బడి మూడు కిలోమీటర్లు అంతకు మించి దూరముగా నుండు గ్రామములలో నీ ఫలము ముఖ్యముగా గనబడెననియు నిరూపించిరి. రాష్ట్రవిభజన తరువాత ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును 'బడికొస్తా' యను పేర బాలికలకు సైకిళ్ళు పంచినది. సైకిలు నిచ్చుట సులభము. అది పోవు దారిని గాపాడుట కష్టము.

స్వాతంత్ర్యమునకు ముందే 1943లో నాగపురమున సమావేశమైన ముఖ్య ఇంజనీర్లు దేశపు రోడ్లను జాతీయమార్గములు, రాష్ట్రమార్గములు, మండలమార్గములు, గ్రామమార్గములు అని విభజించి ప్రణాళిక రచించిరి. గ్రామమార్గమునకు పట్టీలో స్థానము దొరకినది, చివరిస్థానము. 2000వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీని ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడకు యోజన, మైదానములలో 500 మందియు, కొండలు, గిరిజనప్రాంతములు మొదలగుచోట్ల 250 మందియు నుండు ప్రతి యావాసమునకు అన్ని ఋతువులయందును బనికివచ్చు రోడ్డు వేయవలెనని సంకల్పించెను. దానివలన గర్భిణీస్త్రీ మంచముపై మోయబడక వాహనములో ఆసుపత్రికి బోవుట యెన్నో పల్లెలకు సాధ్యమైనది. దీనిని దక్కువచేసి మాట్లాడుట కృతఘ్నత. 2023 డిసెంబరునుండి తెలంగాణమునను, 2025 ఆగష్టునుండి ఆంధ్రప్రదేశమునను స్త్రీలకు బస్సులలో నుచితప్రయాణ మేర్పడుటయు గొప్ప సౌకర్యము.

అయినను ఆలోచింపవలసిన సంగతులు రెండు గలవు. ఒకటి: ఈ రోడ్లలో బెక్కు పాతపుంతలమీదనే వేయబడినవి. మునుపు మనుష్యుడు, పశువు, బండి, సైకిలు కలసి నెమ్మదిగా బోయిన దారి యిప్పుడు మూడుముప్పాతిక మీటర్ల తారుపట్టీయై, దానిపై లారీయు మోటారుసైకిలును వడిగా బోవుచున్నవి. అంచు కోసికొనిపోయి, దానిపై తుమ్మకంప పెరిగి, నడచువానికి తారుమీద తప్ప చోటు లేదు. దారి బాగుపడినకొలది నడచువాని స్థితి చెడినది. బస్సు టిక్కెట్టు లేకున్నను, ఇంటినుండి రోడ్డుమీది స్టేజివఱకు నడువనిదే బస్సు దొరకదు. రెండు: రోడ్డుగా మాఱని పుంతలు మాయమగుచున్నవి. ప్రక్కరైతు ఏటేట నొకసాలు లోపలికి దున్నును. చేపలచెఱువు గట్టు దానిమీదికి జరుగును. ఇండ్లస్థలములుగా విడగొట్టునప్పుడు పటములోని దారి ప్లాటులో గలసిపోవును. 2005 నాటి ఉపాధిహామీ చట్టము క్రింద పలుగ్రామములలో పొలముబాటలు మట్టివేసి బాగుచేయబడినవి. కాని యెల్లలు నిర్ణయింపనిచోట నా మట్టియు నిలువలేదు.

పేదరైతు నాలుగుమూరల నేల కలుపుకొన్నంతమాత్రమున నేమి మునిగినదని యడుగువారు గలరు. మునిగినది ముందుగా రైతే. పుంత మూసికొనిపోయినచో లోపలిపొలములవారు పొరుగువాని చేనిమీదుగా ట్రాక్టరును దీసికొనిపోవలెను. అతడు కాదన్ననాడు కుప్ప నూర్చుట కాగిపోవును, కల్లము వివాదమగును, వివాదము కోర్టు కెక్కును. మఱియు ఇంట వాహనమున్నను దానిని నడుపునది యింటిలో నొక్కడు. పిల్లలు, వృద్ధులు, నాట్లకును కలుపులకును బోవు కూలిస్త్రీలు నడచువారే. పుంత వారిది.

కావలసినవి గొప్పపనులు గావు. గ్రామపటములోని ప్రతిపుంతకు నెల్లరాళ్ళు పాతించుట. కాలువ దాటుచోట తూమో చిన్నవంతెనయో కట్టించుట. బడికిని ఆసుపత్రికిని పోవు దారిలో తారుపట్టీ ప్రక్కను మూరెడైనను గట్టిపఱచిన యంచు నుంచుట. నరికిన చెట్టునకు బదులు చెట్టు నాటుట. ఈ పనులు పంచాయతీలకు మించినవి గావు. 1994వ సంవత్సరపు పంచాయతీరాజు చట్టము గ్రామమార్గముల పోషణను గ్రామపంచాయతీలకే యప్పగించినది.

పండితులకును నిందొక కర్తవ్యము గలదు. మన సంఘములు శాసనములను సేకరించినవి, తాళపత్రములను సేకరించినవి, గ్రామనామములను సేకరించినవి. దారుల పేర్లను మాత్రము సేకరింపలేదు. ప్రతియూరను పుంతలకును డొంకలకును పేర్లున్నవి: చెఱువుపేర, దేవతపేర, వృత్తివారిపేర, ఎన్నడో నేలగూలిన చెట్టుపేర. ఊరిలో నేడు డెబ్బదియేండ్లు దాటినవా రీ పేర్లెఱుగుదురు, వారి మనుమలెఱుగరు. పాఠశాలలోని తెలుగు పండితుడు తన విద్యార్థులను వెంటనిడుకొని యొక ఆదివారము గ్రామపటముతో నూరిచుట్టు నడచినచో, ఏ దారి యున్నది, ఏ దారి పోయినది, దాని పేరేమి, దానిపై నెవ్వరు నడచుచుండిరి యను నాలుగు సంగతులు తేలును. అది వ్రాసియుంచినచో భాషకు బదసంపద, చరిత్రకు సాధనము, గ్రామమునకు సాక్ష్యము. వివాదము వచ్చినప్పుడు ఇచ్చట దారి యుండెనని చెప్పుటకు ఆ కాగితమే పనికివచ్చును.

అశోకుడు బండపై వ్రాయించిన దారి పశువులది, మనుష్యులది. ఆ బండ యింకను గుత్తిచెంత నిలిచియున్నది. దానిమీది మాటలో నర్థము నిలుచునో లేదో మన పల్లెలలోని పుంతలనుబట్టి తేలవలసియున్నది.